కామేశ్వరరావు అనని మాట

ఏప్రిల్ 4

నన్ను వెతకమన్నారు.

పొద్దున్న చిరంజీవి గూడ్సు దిగి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి, స్నానానికైనా వెళ్ళకుండా నా కుర్చీ దగ్గర నిలబడ్డాడు. బదిలీ వచ్చింది. ఎప్పుడో పెట్టుకున్న అర్జీ, వీడి జుట్టు నెరిశాక ఫలించింది. జూన్‌లో అందరం విశాఖపట్నం కదలాలి. మనవరాలు స్వాతికి అక్కడ బళ్ళో తొమ్మిదో తరగతి ఇస్తామన్నారట. కాని చేర్చుకునే ముందు తెలుగులో చదివించి, రాయించి చూస్తారట. వస్తే తొమ్మిది. రాకపోతే మళ్ళీ ఎనిమిది. పిల్లకి ఏడాది పోతుంది.

నేను కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాను. వాడు అడగబోయేది నాకు తెలుసు. వెంటనే ఒప్పుకోకూడదని, కొంచెం బెట్టు చెయ్యాలని కూడా అనుకున్నాను.

"మనోళ్ళలో మంచి ట్యూటర్ ఎవరైనా ఉన్నారేమో చూడు నాన్నా. నీకు ఊళ్ళో అందరూ తెలుసు కదా," అన్నాడు.

అచ్ఛా అన్నాను. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 5

ఈ ఇంట్లో మూడు బీరువాల తెలుగు పుస్తకాలున్నాయి. ఇవాళ సౌభాగ్య వాటి అద్దాలు తుడుస్తూ కూడా, మావయ్యగారూ, ట్యూటర్ సంగతి ఏమైందని అడిగింది.

ఏప్రిల్ 7

అప్పలస్వామి ఇంటికి వెళ్ళాను. గార్డుగా రిటైరైన మనిషి, శనివారాలు ఇక్కడి తెలుగువాళ్ళ మిత్రమండలిలో భజన నడిపిస్తాడు. ఈ బిలాస్‌పుర్‌లో మన కుర్రాళ్ళకి తెలుగు అక్షరాలు రావు కనక, పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాయించి పంచుతారు. పంచీ పంచీ ఈయనకీ అదే అలవాటైపోయింది. నేను పట్టుకెళ్ళిన పుస్తకం ఇచ్చి ఒక పేజీ చదవమన్నాను. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, "అక్షరాలు సెప్పగలను బాబూ, ఈ సంస్కృతం అదీ నావల్ల కాదు," అన్నాడు. పిల్లకి కావలసింది అక్షరాలే కదా అని కూడా అన్నాడు. అదే నాకు నచ్చలేదు.

వేరే మనిషి కుదిరాడని ఆయనకి చెప్పాను. ఆయనకి ఒంట్లో బాగులేదని ఇంట్లో చెప్పాను. కళ్ళు కనపడకపోవడమూ ఒంట్లో బాగులేకపోవడమే.

ఏప్రిల్ 10

వ్యాపార్ విహార్‌లో మాధవీలత అని ఒకావిడ. భర్తది లారీల ఆఫీసు. ఈవిడ ఫోనులో పిల్లలకి తెలుగు చెబుతుంది. ఏనుగు బొమ్మ, ఎలుక బొమ్మ, కింద అక్షరం, వెనక వాయిద్యం. టీ ఇచ్చింది. ఛందస్సు గురించి రెండు ప్రశ్నలు అడిగాను. మర్యాదగానే అడిగాను.

"పాఠం పాపకా అండీ, మీకా?" అంది.

టీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఆవిడకి ఖాళీ లేదట అని ఇంట్లో చెప్పాను. స్వాతిని వెంట తీసుకెళ్ళి ఉంటే బాగుండేది కదా అని సౌభాగ్య గొణిగింది. అప్పయమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "ఈయన ట్యూటర్ని ఎతుకుతున్నాడేటి? పెళ్ళిచూపులకెళ్ళి ఉప్మా తినీసి, పిల్ల నచ్చలేదని వచ్చీసినట్టుంది," అంది. కోడలు నవ్వింది. స్వాతి కూడా నవ్వింది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈవిడ ఒక్క పుస్తకం తెరవలేదు. మాటకి మాత్రం లోటు లేదు.

ఏప్రిల్ 13

చిరంజీవి రాత్రి డ్యూటీ లేక ఇంట్లో ఉన్నాడు. విశాఖపట్నంలో తను కూడా మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలట. ఎంత సర్వీసు ఉన్నా సరే, కొత్త లైను మీద బండి ఇచ్చే ముందు లెర్నింగ్ రోడ్‌కి పంపుతారు. ఆ లైను ఎరిగిన డ్రైవరు నడుపుతుంటే పక్కన కూర్చుని సిగ్నళ్ళు, మలుపులు, ఎత్తుపల్లాలు చూసుకోవాలి. హ్యాండిల్ ముట్టుకోకూడదు. తోవ తెలిసిందని సంతకం పెట్టాకే బండి చేతికొస్తుంది. "అది మాకు కష్టం నాన్నా. చెయ్యి ఊరుకోదు," అని నవ్వాడు.

నవ్వు అయ్యాక సౌభాగ్య మెల్లిగా అంది, కామేశ్వరరావుగారిని అడిగితే ఎలా ఉంటుందని.

ఆ పేరు ఈ ఇంట్లో అనరు. అనకూడదని నేనెప్పుడూ చెప్పలేదు, వాళ్ళే అనరు. బ్యాంకు మేనేజరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కృష్ణా జిల్లా మనిషి. మిత్రమండలి అధ్యక్షుడు. మండలి లైబ్రరీని నా చేతులతో కట్టాను. ఊరు వెళ్ళినప్పుడల్లా పెట్టెలో బట్టలు తగ్గించి పుస్తకాలు మోసుకొచ్చాను. ఈయన అధ్యక్షుడవగానే ఆ గదిని భోజనాల హాల్లో కలిపేసి, పుస్తకాలని వెనక పంపు గదిలో పెట్టించాడు. ఒక్క వానాకాలం చాలింది. సర్వసభ్య సమావేశంలో లేచి అడిగాను. "ఎవరు చదువుతున్నారండీ అవి?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో మా రైల్వే వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని కూడా మర్చిపోలేదు.

ఎల్లుండి వెళ్తానన్నాను. అందరూ నా మొహం చూశారు.

ఏప్రిల్ 15

వెళ్ళాను. వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళాను. అక్కడ చెరుకురసం బండి ఉంది. తాగాను. ఇంకో గ్లాసు తాగాను. తిరిగి వచ్చాను.

ఏమన్నారని అందరూ ఒకేసారి అడిగారు. అప్పటిదాకా ఏమీ అనుకోలేదు. నోరు తెరిచాక ఆ మాట దానంతటదే వచ్చింది. "షెడ్డులో ఖలాసీగా చేరినవాడి ఇంటి పిల్లకి తెలుగెందుకు, హిందీ చాలదా, అన్నాడు," అన్నాను.

మా నాన్న పైడిరాజు పలాస దగ్గర నుంచి వచ్చి ఇక్కడ లోకోషెడ్డులో అన్నిటికన్నా కింది కూలీగా, ఖలాసీగా చేరాడు. అది దాచుకునేదేమీ కాదు.

మాట బాగా కుదిరిందని మాత్రం చెప్పుకోవాలి. ఆ మనిషి అనగల మాటే. మా రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు లేవు కనక వెళ్ళి అడిగేవాళ్ళూ లేరు. ఇక మిగిలింది నేనే. రేపో ఎల్లుండో వాళ్ళే నన్ను అడుగుతారు.

ఏప్రిల్ 16

చిరంజీవి వెళ్ళాడు.

నా కొడుకు. ఆఫీసులో ఇంక్రిమెంటు ఆపినా నోరెత్తనివాడు. ఏనాడూ నా తరఫున ఒక మాట ఎవరితోనూ అననివాడు. లైబ్రరీ గొడవప్పుడు "వదిలీ నాన్నా" అన్నవాడు. పొద్దున్న ఎవరికీ చెప్పకుండా బైకు తీసి కామేశ్వరరావు ఇంటికి వెళ్ళాడు. మా తాతని అంత మాటంటావా అని అడగడానికి.

నాకు సంగతి తెలిసేసరికి సౌభాగ్య గుమ్మంలో నిలబడి ఫోను మీద ఫోను చేస్తోంది. నేను కుర్చీలోనే ఉన్నాను. నేనసలు ఆ ఇంటికి వెళ్ళలేదని వాడికి అక్కడ తెలిసిపోతుంది. వాడు తిరిగి వచ్చి నా మొహం ఎలా చూస్తాడో అదొక్కటే ఆలోచించాను.

వచ్చాడు. చెప్పులు విప్పాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు కూర్చున్నట్టు.

"ఒప్పుకున్నాడు నాన్నా. తప్పయిపోయింది బాబూ, రేపట్నించి పిల్లని పంపు, నేను చెప్తానన్నాడు."

ఎవరు ఒప్పుకున్నారని అడిగాను. అలా ఎందుకు అడిగానో. వాడు నా మోకాలి మీద చెయ్యి వేసి, పెద్దాయన నిజంగానే బాధపడ్డాడు నాన్నా, నువ్వింక మనసులో పెట్టుకోకు అన్నాడు.

అనని మాటని ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 19

ఒప్పుకోవడానికి కారణం ఉండాలి. ఒకటి, నన్ను గుప్పిట్లో పెట్టుకోవడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటపెడతాడు. రెండు, గొప్పమనిషి అనిపించుకోవడం. మూడు, మతిమరుపు. మూడోది అయితే బాగుండును.

స్వాతి సైకిల్ మీద వెళ్తోంది. ఆయనకి కంటి ఆపరేషన్ అయిందట, నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటాడట. ఈ పిల్ల చదివితే వింటాడట, అంతే. చూడలేనివాడు చదువు చెబుతున్నాడు. ఇంట్లో ఎవరికీ ఇందులో వింత కనపడలేదు.

మే 3

వంటింట్లోంచి గొంతు వినిపించింది. స్వాతి గోడ మీది తెలుగు క్యాలెండరు చదువుతోంది. వాళ్ళ నాయనమ్మ పక్కన పీట వేసుకుని వింటోంది. "బ..హు..ళ. ద్వా..ద..శి." అప్పయమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఏ రోజు ఏ తిథో నన్నే అడిగేది.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. నన్ను చూసి పిల్ల ఆపేసింది.

చదువమ్మా అన్నాను. చదవలేదు. తప్పు చదివితే తాతగారు నవ్వుతారని హిందీలో వాళ్ళ నాయనమ్మకి చెప్పింది, నేను అక్కడ లేనట్టు. నేనెప్పుడు నవ్వానని అడిగాను. చిన్నప్పుడు పలక మీద ఏదో రాసి తెచ్చానంది, మీరు అందరినీ పిలిచి చూపించి నవ్వారంది.

నాకు గుర్తులేదు. నవ్వి ఉండను. సరిదిద్ది ఉంటాను.

మే 12

చిరంజీవి డ్రైవర్లు డ్యూటీల మధ్య పడుకునే రన్నింగ్ రూములో ఎవరితోనో అన్నాడట. గొడవ అయిపోయింది కదా, పెద్దాయన తప్పు ఒప్పుకున్నాడు అని మంచిగానే చెప్పాడట. విన్నవాళ్ళకి మొదటి సగమే చెవికెక్కింది. తోర్వా పేటలో, రైల్వే కాలనీల్లో ఇదే మాట. ఖలాసీల పిల్లలకి తెలుగెందుకన్నాడట. మన తాతలు చందాలేస్తే లేచిన మండలిలో కుర్చీలో కూర్చుని మననే అన్నాడట.

సాయంత్రం అప్పలస్వామి వచ్చాడు. ఇరవై నాలుగున సర్వసభ్య సమావేశం. అనుకోకుండా నోరు జారిందంటే కుదరదు, ఏ మాట అన్నాడో ఆ మాటే అందరి ముందూ చెప్పి క్షమాపణ అడగాలి, అధ్యక్ష పదవి వదలాలి. అదీ మావాళ్ళ తీర్మానం. "మీకోసమే బాబూ ఇదంతా," అన్నాడు. ఆ రోజు హాల్లో నవ్విన వాళ్ళలో ఈయన ముందు వరసలో ఉన్నాడు.

నేను కోరుకున్నదే. సంతోషంగానే ఉంది.

మే 15

సంతోషంగానే ఉంది.

మే 20

వెళ్ళాను. ఈసారి చెరుకురసం బండి దగ్గర ఆగలేదు.

ఆయన భార్య శాంతాదేవిగారు తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి తప్పుకున్నారు. కామేశ్వరరావు వసారాలో కూలర్ ముందు కూర్చుని ఉన్నాడు. నల్లద్దాలు. సన్నబడ్డాడు. అలికిడికి ఇటు తిరిగి, "రమణమూర్తిగారా," అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. ఎప్పటికైనా వస్తారనుకున్నానన్నాడు.

నేను కూర్చోలేదు. మీరెందుకు ఒప్పుకున్నారని అడిగాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఆయన కూలర్ చప్పుడు తగ్గించమని లోపలికి చెప్పాడు.

"మీ అబ్బాయి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. మా తాత ఖలాసీయే, అయితే ఏటి, అన్నాడు. మీ నాన్న అసలు రానేలేదు బాబూ అనడానికే నేను నోరు తెరిచాను."

కుర్చీలో నావైపు జరిగాడు.

"అలా చెబితే ఆ కుర్రాడు ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్ళాలి కదండీ. నాకోసం నా కొడుకు ఎవరి గుమ్మంలోనూ అలా నిలబడలేదు."

దానికోసం పదవి వదులుకుంటారా, ఊళ్ళో తలెత్తుకోకుండా ఉంటారా అన్నాను. దయ చూపిస్తున్నారా నామీద అన్నాను. ఇంకా చాలా అన్నాను. పంపు గది, వాన, నవ్వు, అన్నీ. ఆయన అడ్డు రాలేదు. అన్నీ అయిపోయాక నెమ్మదిగా చెప్పాడు.

"దయ కాదు. ఆ మాట నేను అనలేదు. కాని అనుకోలేదని చెప్పలేను. మీ పుస్తకాలు పంపు గదిలో పెట్టించిన రోజున సరిగ్గా అదే అనుకున్నాను. ఈ షెడ్డు మనుషులకి ఇవన్నీ ఎందుకని. మీకెలా తెలిసిందా అని మీ అబ్బాయి వచ్చిన రోజునుంచీ ఆశ్చర్యపోతున్నాను."

అప్పుడు కూర్చున్నాను.

నేను కల్పించాననుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ మనిషి తలలో అది ఉంది. నేను వెళ్ళి తీసినట్టయింది. గెలిచానో ఓడానో తెలియడం లేదు. శాంతాదేవిగారు మంచినీళ్ళు తెచ్చారు. తాగి వచ్చేశాను. ఇంట్లో ఎక్కడికెళ్ళారని అడిగితే పోస్టాఫీసుకన్నాను.

మే 24

నిండిన హాలు. రైల్వే వాళ్ళంతా ఒకవైపు. చిరంజీవి వెనక కూలర్ దగ్గర నిలబడ్డాడు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, పెళ్ళికొడుకు తండ్రిని కూర్చోబెట్టినట్టు. స్వాతి నా పక్కన.

కామేశ్వరరావు లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు. పెద్ద పెద్ద అక్షరాలు, నాకు కూడా కనిపిస్తున్నాయి. అద్దాలు పైకెత్తి చూశాడు, కాగితం వెలుగువైపు తిప్పాడు. కనపడలేదు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు, ఆపరేషన్‌వి. వెనకనుంచి ఎవరో, నాటకాలు చాలించమను అన్నారు.

ఎవరూ చెప్పకుండానే స్వాతి లేచింది. రోజూ ఆయనకి చదివి పెట్టడం అలవాటు కదా. ఆయన వద్దమ్మా, ఇది వద్దు అన్నాడు. అప్పటికే కాగితం దాని చేతిలో ఉంది. నేను పట్టుకుని కూర్చోబెట్టవలసింది. కూర్చోబెట్టలేదు.

చదివింది. ముందు మెల్లిగా, తర్వాత కొంచెం ధైర్యంగా. సభ్యులందరికీ నమస్కారం. రమణమూర్తిగారితో నేను అన్న మాట. అక్కడికి వచ్చేసరికి పొడుగు మాటలు మొదలయ్యాయి.

"షె..డ్డు..లో. ఖ..లా..సీ..గా. చే..రి..న. వా..డి. ఇం..టి."

పిల్ల వేలు కాగితం మీద పాకుతోంది. తర్వాత ఏ అక్షరం వస్తుందో, కట్టినవాణ్ణి, నాకు ముందే తెలుసు.

"పి..ల్ల..కి."

అక్కడ ఆగింది. ఆ పిల్ల తనే కదా. తల ఎత్తి చూసింది. ఆయనవైపు కాదు. నావైపు.

నేను లేచాను. లేవాలనుకుని లేచింది కాదు.

"ఇక చదవకమ్మా. ఆ మాట ఆయనది కాదు. నాది," అన్నాను. "నేను ఆయన ఇంటికి వెళ్ళనేలేదు. మలుపులోంచి వెనక్కి వచ్చేసి నేనే కల్పించాను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పలస్వామి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత హాలంతా ఒకేసారి మాట్లాడింది. నవ్వు మాత్రం రాలేదు. నవ్వినా బాగుండేది.

ఆయన అనుకున్న సంగతి నేను చెప్పలేదు. చెప్పి ఉంటే రైల్వే వాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకునేవాళ్ళు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఆయన నల్లద్దాలతో నావైపే తిరిగి, దానికోసం ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డాడు. నేను కూర్చున్నాను.

చిరంజీవి నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది.

మే 25

చిరంజీవి నాకు చెప్పకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మే 27

ఎవరూ మాట్లాడటం లేదు. అన్నం పెడుతున్నారు. అప్పయమ్మ మాత్రం ఇవాళ కూర వడ్డిస్తూ అంది, "పిల్లకి పాఠం సెప్పమని అడగలేదని కదేటి ఇదంతా? నాకు సెప్తే నేను అడగనేటి?"

నేను తినడం ఆపాను. నలభై ఎనిమిదేళ్ళు.

మే 29

స్వాతి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్తోంది. వెళ్ళే ముందు నా గది గుమ్మంలో ఆగి, అలా ఎందుకన్నారు తాతా అని అడిగింది. తెలుగులోనే అడిగింది. మూడు బీరువాల ముందు కూర్చుని ఉన్నాను, చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

జూన్ 2

ఎండ మండిపోతోంది. చిరంజీవి డ్యూటీకి బయల్దేరుతూ నా కుర్చీ దగ్గర ఆగాడు. ఇన్నాళ్ళకి. మొహం చూడలేదు, బ్యాగు జిప్పు చూస్తూ మాట్లాడాడు.

"సైకిల్ పంక్చరైంది. పిల్లని ఆటోలో నువ్వు దింపు."

సరే అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు.

"వీధిలో ఉండిపోకు, ఎండ. లోపలికెళ్ళి కూర్చో. లెర్నింగ్ రోడ్ అనుకో నాన్నా. చూడు, ఏటీ ముట్టుకోకు."

వెళ్ళాం. శాంతాదేవిగారు నాకూ ఒక కుర్చీ వేశారు. కామేశ్వరరావు తల ఊపాడు. నేనూ ఊపాను. అంతకన్నా ఇద్దరికీ చేతకాలేదు. స్వాతి మా ఇద్దరి మధ్యా కింద కూర్చుని పుస్తకం తెరిచింది. అది నాదే. అట్ట ఉబ్బి, అంచులకి నీటి మరక. పంపు గదిలోంచి ఆయన ఎప్పుడు తెచ్చి ఆరబెట్టుకున్నాడో, ఎన్ని తెచ్చాడో నేను అడగలేదు.

పిల్ల చదువుతోంది. నేను పక్కనున్నానని మొదట గొంతు తగ్గించింది, తర్వాత మర్చిపోయింది. ఒక ఒత్తు దగ్గర తట్టుకుంది. మళ్ళీ తట్టుకుంది. ఆయన పెదవులు కదిలాయి. నాకు నాలుక చివర ఉంది ఆ మాట. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ఇద్దరం ఊరుకున్నాం. పిల్లే చదివేసింది.